రెండో దెబ్బ

హెల్మెట్ల ఫ్యాక్టరీలో పరీక్షల గదికి ఒకటే కిటికీ. దాని పక్కన ఎత్తయిన రెండు ఇనప కమ్మీలు, వాటి మధ్య పైకీ కిందికీ జారే ఒక లోహపు తల. తయారైన ప్రతి బ్యాచ్‌లోంచీ కొన్ని హెల్మెట్లు తీసి, ఆ తలకి తొడిగి, కింద బిగించిన దాగలి అనే గుండ్రటి ఇనప దిమ్మ మీద పడేస్తారు. కళ్ళూ ముక్కూ లేని ఆ తలకి ‘మొండెంలేని మావయ్య’ అని పేరు పెట్టింది తమ్ముడు. అన్నదమ్ములిద్దరిదీ అక్కడే పని; అతను స్టోర్ చూసుకునేవాడు. “ఎన్నిసార్లు పడ్డా మావయ్యకి తలనొప్పి రాదు. మా అన్నయ్యకే వస్తుంది” అని నవ్వించేవాడు.

ఆ గది అన్నయ్యది. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని మాస్టారు అంటారు. ఇక్కడికి రాకముందు పాలిటెక్నిక్‌లో మెకానిక్స్ చెప్పేవాడు. ఆ అలవాటు పోలేదు. కొత్తగా చేరినవాళ్ళ ముందు ఒక రబ్బరు బంతినీ, ఒక మట్టిముద్దనీ ఒకే ఎత్తు నుంచి వదిలేవాడు.

“పైన ఉన్నప్పుడు దాచుకున్న శక్తంతా కిందికొచ్చేసరికి వేగమైంది. బంతి దాన్ని చాలావరకు తిరిగి ఇచ్చేసింది, అందుకే లేచింది. మట్టి మింగేసింది, అందుకే లేవలేదు. హెల్మెట్ లోపలి థర్మాకోల్ ఈ మట్టిలాంటిది. అది నలుగుతున్న కాసేపట్లో తల ఆగుతుంది. ఆ నలిగే మందం సగమైతే తల మీద పడే బలం రెట్టింపవుతుంది. అసలు మందమే లేకపోతే ఏమవుతుందో మీరే చెప్పండి.”

ఆయనే మళ్ళీ అందుకునేవాడు. “అది ఒక్కసారే మింగగలదు. రెండో దెబ్బకి దాని దగ్గర చోటుండదు. పై చిప్ప మాత్రం వెనక్కి లేచి కొత్తదానిలా మెరుస్తుంది. ఆ మెరుపు చూసి మోసపోకండి.”

అందుకే పరీక్ష అయిన ప్రతి హెల్మెట్‌కీ లోపల ఎర్ర రంగుతో గుర్తు పెట్టి, రంపంతో రెండు చెక్కలు చేయించేవాడు. రంపం పళ్ళు పోయి పని ఆగినప్పుడు, కోయాల్సిన వాటిని గోనెసంచుల్లో కట్టి స్టోర్‌కి పంపేవాడు.

కూతురు స్కూటరు ప్రమాదంలో పోయాక ఆయన పనిలోకి వచ్చిన వారంలోనే, ఓనరు ఒక గుడ్డసంచి పట్టుకుని ఆ గదిలోకి వచ్చాడు.

“మాస్టారూ, మిమ్మల్ని అడక్కూడదు. కానీ పోలీసులు దీన్ని తిరిగిచ్చేశారు. బయట తలా ఒక మాట అంటున్నారు, మన హెల్మెట్ పెట్టుకునే పోయిందని. సరుకులో లోపముంటే నాకు తెలియాలి కదా. మీకు కష్టమైతే ఇంకొకరి చేత చూపిస్తాను.”

“నేనే చూస్తాను.”

సంచిలో నీలం హెల్మెట్ ఉంది. అమ్మాయిని ఇంట్లో పిట్ట అనేవారు. మలుపులో ఇసక మీద స్కూటరు జారింది. పెద్ద వేగమేమీ లేదు. చూసినవాళ్ళందరూ ఒకటే అన్నారు: “ప్రాణం పోయేంత దెబ్బ కాదండీ అది.” ఓదార్పనుకుని అన్నారు కాబోలు. ఆయన్ని అన్నిటికంటే ఎక్కువ తొలిచింది ఆ మాటే.

లోపలి గుడ్డ విప్పాడు. అది ఫ్యాక్టరీ కుట్టు కాదు, బయట ఎవరో శ్రద్ధగా కుట్టింది. దాని కింద, వెనక ఎడంపక్క, థర్మాకోల్ చదునుగా నలిగిపోయి ఉంది. అది రోడ్డు పని. ఆ నలుగుడు మధ్యలోనే గిన్నె అడుగులాంటి గుంట ఒకటి, నున్నగా, లోతుగా ఉంది. రోడ్డుకి అలాంటి గుంట పెట్టడం రాదు. ఆయన హెల్మెట్‌ని రెండు చేతులా పట్టుకుని గుండ్రటి దాగలి దగ్గరికి నడిచి, ఆ గుంట తగిలేలా దాని మీద ఉంచాడు. ఎటూ ఊగకుండా కూర్చుంది. గుంట పక్కన ఎర్ర రంగు గుర్తు ఉంది. అది ఆయన చేతి గీతే.

పిట్ట రోడ్డు మీద పడేసరికి, ఆ చోట నలగడానికి ఏమీ మిగల్లేదు.

“బ్యాచ్‌లో లోపం లేదు. ఇది మనం ఒకసారి కొట్టేసినది” అన్నాడు.

“అమ్మయ్య” అనేశాడు ఓనరు. వెంటనే నాలిక కరుచుకున్నాడు. “అంటే, నా ఉద్దేశం... ఎలా బయటికెళ్ళిందంటారు?”

“నాకు తెలుసు.”

ఓనరు వెళ్ళిపోయాడు. తనకి కావలసిన జవాబు ముందే దొరికింది.

పిట్ట స్కూటరు కొనుక్కున్న రోజున ఆ హెల్మెట్ తెచ్చింది బాబాయే. “షాపుల్లో వెతికినా దొరకదే ఈ రంగు. నీకోసమే దాచి ఉంచా” అన్నాడు. పిట్ట ఎగిరి గంతేసింది. గడ్డం కింద పట్టీ ఎంత బిగించాలో మాస్టారే చూపించాడు. రెండు వేళ్ళు దూర్చి చూసి, “ఇప్పుడు వెళ్ళు” అన్నాడు.

ఆయన స్టోర్‌లోకి వెళ్ళేసరికి తమ్ముడు అట్టపెట్టెలు సర్దుతున్నాడు. హెల్మెట్ చూడగానే చేతులాగిపోయాయి.

“ఇది గోనెసంచిలోదా?”

“అన్నయ్యా...”

“అవునా, కాదా?”

“పైన గీత కూడా లేదు అన్నయ్యా! తళతళలాడుతోంది. నువ్వేమో మంచివన్నీ కోసి పారేయిస్తావు. నీకు చాదస్తం ఎక్కువని అందరం అనుకునేవాళ్ళం. పిట్ట ఆ నీలం రంగే కావాలని నా ప్రాణం తీసింది. ఆ రంగు చేయడం మానేశారు కదా, ఎక్కడినుంచి తేను?”

“ఎర్ర గుర్తు చూడలేదా?”

“చూశా. గుర్తేగా, పగులు కాదుగా అనుకున్నా.”

“గుడ్డ ఎందుకు మార్చావు?”

“పాతది పీలికలైంది. పిట్టకిచ్చేది బాగుండాలని కొత్తది కుట్టించా.” అక్కడే పెట్టె మీద కూలబడ్డాడు. “నన్ను చంపెయ్ అన్నయ్యా.”

మాస్టారికి కొట్టాలనిపించలేదు. కౌగిలించుకోవాలనీ అనిపించలేదు. వీడు పిట్టని భుజాల మీద ఎక్కించుకుని తిరిగాడన్నది నిజం. ఈ గుడ్డ ఏరి కుట్టించాడన్నదీ నిజమే.

“మీ వదినకి ఎవరు చెప్తారు?”

“నేనే చెప్తా. ఈ సాయంత్రమే చెప్తా. నీ మీద ఒట్టు.”

“ఒట్లొద్దు. చెప్పు, చాలు.”

పిట్ట పోయినప్పటినుంచీ ఆవిడ తనంతట తను కంచం ముందు కూర్చోలేదు. భర్త పిలిస్తే గోడకేసి తిరిగి పడుకునేది. మరిది వచ్చి, “నువ్వు తినకపోతే నేనూ లేస్తాను వదినా, నీ ఇష్టం. మీ ఇంటికొచ్చి పస్తున్నానని అందరికీ చెప్తా” అని బెదిరిస్తే, విసుక్కుంటూనే నాలుగు ముద్దలు తినేది. ఆ నాలుగు ముద్దల మీదే ఆ ఇల్లు నడుస్తోంది.

ఆ సాయంత్రమూ ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. తమ్ముడు రోజూ వేసే జోకులు వేయలేదు. ఆవిడే అడిగింది.

“హెల్మెట్ చూశారటగా. ఓనరుగారి భార్య ఫోన్ చేసింది. ఏం తేలింది?”

మాస్టారు తమ్ముడికేసి చూశాడు. తమ్ముడు కంచంలోకి చూస్తున్నాడు.

“అది అంతకుముందే ఒక దెబ్బ తిన్నది. దాని బలమంతా ఆ దెబ్బకే అయిపోయింది” అన్నాడు మాస్టారు.

“ఎవరు కొట్టారు?”

ఆయన మళ్ళీ ఆగాడు. గుక్కెడు నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. ఒక మనిషి నోరు తెరవడానికి అంతకంటే ఎక్కువ సమయం అక్కర్లేదు. తమ్ముడి వేళ్ళు అన్నంలోనే ఉన్నాయి, కదలడం లేదు. ఇప్పుడు అసలు సంగతి తను చెప్తే, ఆవిడ రేపటినుంచి ఎవరి మాట విని తింటుంది?

“నేనే. మా గదిలో, పరీక్షకి.”

“అది ఇంటికెలా వచ్చింది?”

“కోయించాల్సింది. కోయించలేదు.”

ఆవిడ గొంతు పెంచలేదు.

“మీ చేత్తో కొట్టి, మీ చేత్తోనే దాని తలకి బిగించారా?”

ఆవిడ ఆయనకి వడ్డించబోతున్న కూరగిన్నె వెనక్కి తీసుకుంది. మరిది వైపు తిరిగింది.

“నువ్వు తిను నాయనా. చల్లారిపోతోంది.”

తమ్ముడి కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అవి ఎందుకో ఆవిడ తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. అతని వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. అతను ముద్ద కలిపాడు, నోట్లో పెట్టుకున్నాడు. అది చూసి ఆవిడా ఒక ముద్ద తిన్నది.

భోజనమయ్యాక మాస్టారు తమ్ముణ్ణి గేటు దాకా సాగనంపాడు. చెప్పులు వేసుకుంటూ అతను గొణిగాడు.

“చెబుదామనే వచ్చానన్నయ్యా. నోరు పెగల్లేదు. రేపు చెప్తా. రేపు కచ్చితంగా...”

“చెప్పద్దు.”

“అన్నయ్యా, నువ్వు నా...”

“దండాలేం పెట్టకు. నీ కోసం కాదు.” గేటు గొళ్ళెం తీసి పట్టుకున్నాడు. “రేపు కూడా ఇదే వేళకి రా. ఏదో ఒక జోకు వెయ్యి. నువ్వొస్తేగాని ఆవిడ తినదు.”