వెనక్కి తిరిగిన మీటరు

ఎలిజబెత్ డాబా మీద తడిగుడ్డతో సోలార్ పలకలు తుడుస్తోంది. గోదావరిఖనిలో గాలి బొగ్గుదుమ్మును అందరికీ సమానంగా పంచిపెడుతుంది. పొద్దున్నే తుడవకపోతే పలకలకు ఎండ తగలదు.

కింద నుంచి పెనిమిటి యోనా కేక వినబడింది.

"జరుగుండ్రి! ఎన్కకు వస్తాంది!"

యోనా సర్వీసంతా గనిలో బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగే యంత్రం నడిపాడు. టబ్బు వెనక్కి జారిందంటే ఎవరికో మూడినట్టే. కానీ ఇప్పుడు వెనక్కి తిరుగుతున్నది గోడ మీది కరెంటు మీటర్లో చక్రం.

అప్పుడే బిల్లు కొట్టడానికి వచ్చిన ఎల్లేశం కూడా అది చూశాడు. మీటరు తిప్పారు, ఇది కరెంటు దొంగతనం, కేసు రాసి ఇప్పుడే కనెక్షన్ తీసేస్తానన్నాడు. ఎలిజబెత్ దిగివచ్చి నచ్చజెప్పింది. ఇంటి మీద పుట్టిన కరెంటులో మిగిలింది తీగల్లోకి పంపితే బిల్లులో తగ్గించాలని విద్యుత్ కమిషన్ కొత్త నియమం పెట్టింది. రెండు వైపులా లెక్కగట్టే మీటరు వచ్చేదాకా పాతదే వాడుకొమ్మని ఆఫీసువాళ్లే అన్నారు. ఎల్లేశం నమ్మలేదు. పక్కింటి కనకవ్వ అప్పటికే గోడ మీదికి వంగి వింటోంది. పిల్లలకు దొంగతనం తప్పని చెప్పి రిటైరైన టీచరు ఎలిజబెత్‌కు ఇంతకన్నా తలవంపు ఏముంటుంది?

ఎలిజబెత్ మంచం మీది దుప్పట్లు తీసుకుంది.

"మీటరు మీదికెల్లి కన్ను తియ్యకు బిడ్డా," అని ఎల్లేశానికి చెప్పి పైకి వెళ్లి పలకల మీద కప్పింది.

చక్రం నెమ్మదించింది, ఆగింది, బుద్ధిగా ముందుకు నడిచింది. దుప్పట్లు లాగేస్తే మళ్లీ వెనక్కి. ఎల్లేశం ఇంకోసారి కప్పమన్నాడు. ఆపైన కనకవ్వ లోపలికి వచ్చి తన కోసం ఒకసారి కప్పించుకుంది.

"ఏం ఎల్లేశం, సూర్యుని మీద రాస్తవా కేసు? సాక్షి సంతకం నేను పెడ్త," అంది.

ఎల్లేశానికి నవ్వాగలేదు. ఆఫీసుకు ఫోన్ చేసి వచ్చాడు.

"నిజమేనట టీచరమ్మా. నాకు చెప్పుడు మర్సిన్రట."

బొగ్గు తిని బతికిన ఇంట్లో ఎండ కరెంటేందని ఇన్నాళ్లూ ఎగతాళి చేసిన యోనా మీటరు ముందు నుంచి కదల్లేదు. వెనక్కి పోయినా ఎవరికీ దెబ్బ తగలని చక్రాన్ని చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నాడు. ఇంకా భయమైతాందా అని ఎలిజబెత్ అడిగింది. యోనా లోపలికి వెళ్లి ఇస్త్రీ అంగీ తొడుక్కున్నాడు, మీసం దువ్వుకున్నాడు. రిటైరైన వాళ్లంతా ఈ వేళకు చాయ్ హోటల్లోనే ఉంటారు. వాళ్లందర్నీ వెంటబెట్టుకొస్తాడని ఎలిజబెత్‌కు అర్థమై చాయ్‌కి పొయ్యి మీద పెద్దగిన్నె పెట్టింది.

యోనా చెప్పులేసుకుని గబగబా బయటికి నడిచాడు.