గాదెలో వియ్యంకుడు

రాంగోపాల్‌పేటలో సైకిల్ దుకాణం నడిపే జీవరాజు దగ్గర సికింద్రాబాద్ మొత్తంలో ఇంకెవరికీ లేనిదొకటి ఉండేది. అది ‘గాదెలో వియ్యంకుడు’. మద్రాసులో ఎవరో చిన్న కంపెనీ వాళ్లు మూడు గ్రామఫోను ప్లేట్ల మీదికెక్కించిన హాస్యనాటకం. ప్లేట్లు అమ్ముడుపోలేదు, కంపెనీ మూతపడింది, గొంతులిచ్చినవాళ్ల పేర్లు కూడా ఎవరికీ తెలియవు. ఏ హోటల్లోనూ వినపడదు, ఏ పెళ్లిపందిట్లోనూ మోగదు. అందుకే జీవరాజుకి అదంటే ప్రాణం. ఊరందరి నోళ్లలో నానే పాట తనకెందుకు? ఊరందరూ వాడే దువ్వెన ఎవడైనా తలలో పెట్టుకుంటాడా?

ఆ మూడింట్లో అతని దగ్గరున్నవి మొదటిదీ, మూడోదీ. మొదటి ప్లేటు చివర పెళ్లికొడుకు తండ్రి, అరిసెలు అక్కడ దాచారని విని, ఆడపెళ్లివారి వడ్లగాదెలో దూరతాడు. బయట గొళ్లెం పడుతుంది. మూడో ప్లేటు మొదలయ్యేసరికి ఆ పెద్దమనిషే బాసికం కట్టుకుని, కొడుకు కూర్చోవాల్సిన పీటల మీద కూర్చుని ఏడుస్తుంటాడు. నడుమ ఏం జరిగిందో ఆ దేవుడికే ఎరుక.

ఆదివారం మధ్యాహ్నం రైల్వేలో గుమాస్తా సోమయ్య, మందుల షాపు ప్రభుదాస్ వచ్చి కూర్చునేవారు. వచ్చినవాళ్లు తలా ఒక కొత్త సూది తేవాలని జీవరాజు పెట్టిన రూలు. యుద్ధం నాటినుంచి గ్రామఫోను సూదులకు కరువు మరి. సూది ఇచ్చి, చెప్పులు విడిచి, గుళ్లో కూర్చున్నట్టు కూర్చునేవారు. జీవరాజు కీ ఇస్తుంటే వాళ్ల కళ్లలో కనపడే ఆత్రం చూసి అతనికి కడుపు నిండేది. నిండనిది ఒక్కటే. తలుపు చాటున కూర్చుని వినే భార్య కాంతమణి ఏనాడూ నవ్వలేదు. ‘‘గొంతులు గీరుకపోయినయ్, ఏమినపడుతది?’’ అని లేచిపోయేది. ఆమె నోట ఒక్క నవ్వు వినాలని అతని కోరిక. పైకి చెప్పుకుంటే పరువు తక్కువ కదా!

నలభై ఎనిమిది ఎండాకాలంలో ప్రభుదాస్ ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. సీతాఫల్‌మండి చాంద్‌పాషా, గాజులమ్మేవాడు. చేతిలో సూది లేదు.

‘‘జెర మాఫ్ చెయ్యన్నా, సూది దొర్కలే. మూలకు గూసుంట,’’ అన్నాడు.

మొదటి ప్లేటు అయిపోయింది. గొళ్లెం పడింది. అలవాటు ప్రకారం సోమయ్య, ‘‘అగో, ఆ తర్వాత ఏమైందో!’’ అని నిట్టూర్చాడు. మూల నుంచి గొంతొచ్చింది.

‘‘గా నడిమి ప్లేటు నేనిన్ననన్నా. చిన్నప్పుడు, అల్వాల్‌ల ఒకరింట్ల.’’

అంతే, షురూ చేశాడు. గాదెలోంచి మూలుగు వినపడితే పెళ్లికూతురి నాయనమ్మ ధాన్యలక్ష్మి పలుకుతోందనుకుంటుంది. కొబ్బరికాయ కొడుతుంది. తలుపు సందులోంచి చూసి, ‘‘ఆడదేవతవు, నీకు మీసాలెట్లొచ్చినయ్ తల్లీ?’’ అంటుంది. ‘‘మీ గాదెల దుమ్ముకు మొలిసినయ్ బిడ్డా!’’ అంటాడు లోపలివాడు. ఇంటింటి అరుగు మీదా కూర్చుని గాజులు తొడిగే మనిషి, ఊళ్లోని ముసలమ్మలందరూ అతని గొంతులోనే కాపురముంటున్నారు. సోమయ్య పొట్ట పట్టుకున్నాడు. ప్రభుదాస్ గోడకు వాలిపోయాడు. తలుపు చాటున కాంతమణి పకపకా నవ్వింది.

జీవరాజు గుండెలో ఎవరో గుప్పెడు కారం కొట్టినట్టయింది. నా ఇల్లు, నా మిషను, నా ప్లేట్లు, నా పెళ్లాం! నవ్వు మాత్రం వాడిదా?

ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు చాంద్‌పాషా. ఆ తర్వాతి ఆదివారాల్లో మొదటి ప్లేటు ఎప్పుడైపోతుందా అని ఎదురుచూడటం మొదలెట్టారు అందరూ. మూడో ప్లేటు పెట్టకముందే లేచిపోయిన రోజులూ ఉన్నాయి. కాంతమణి చాయ్‌లు పెడుతూ, ‘‘చాంద్‌పాషన్నా, లచ్చిమికి నెయ్యి తెచ్చే కాడినుంచి మళ్ల చెప్పవా?’’ అనేది. ‘‘చెప్త చెల్లె,’’ అనేవాడు ఆ మహానుభావుడు. జీవరాజు కుళ్లి కుళ్లి ఉడికిపోయాడు. వీడు విన్నానన్నది అబద్ధం. పట్టుకోవాలి. ఎట్లా? రెండో ప్లేటు దొరకాలి.

సెప్టెంబరులో నిజాం మీదికి ఇండియా మిలిటరీ వచ్చింది. పోలీసు యాక్షన్ అన్నారు, కర్ఫ్యూ అన్నారు. చాలా వారాలు ఆదివారాలు లేవు. చాంద్‌పాషా గాజుల పెట్టె దించి ఇల్లు కదలడం మానేశాడు. జీవరాజుకి, చెప్పుకోవడానికి సిగ్గే కానీ, కాస్త హాయిగానే ఉంది. ఆ హాయి ఎంతో కాలం నిలవలేదు. కర్ఫ్యూ సడలగానే సోమయ్య, ప్రభుదాస్ జీవరాజు దుకాణంలోని సైకిళ్లే తీసుకుని సీతాఫల్‌మండి వెళ్లి, భయపడుతున్న మనిషిని చెరో పక్కా కాపు కాసి మరీ తీసుకొచ్చారు.

‘‘మేమున్నం, ఎవడేమంటడో చూస్తం, నడువన్నా,’’ అన్నారట.

తనకు నెలరోజులు చలిజ్వరమొస్తే గడప తొక్కినవాడు ఒక్కడు లేడు. ఆ మాట జీవరాజు ఆ రాత్రంతా నమిలాడు.

ఆ రోజుల్లో గురువారం సంత, జుమేరాత్ బజారు నిండా పాత సామానే. ఊరు విడిచిపోయినవాళ్ల అలమారాలు, అద్దాలు, పాన్‌దాన్లు, గ్రామఫోన్లు. జీవరాజు వారం వారం వెళ్లి ప్లేట్ల కుప్పల ముందు గొంతుక్కూర్చునేవాడు. ఎవరింటి సంతోషాలో మట్టిలో పడున్నాయన్న ఆలోచన అతనికి రానేలేదు. ఒక గురువారం దొరికింది. రెండో ప్లేటు! చొక్కా విప్పి దానికి చుట్టి, బనియను మీదే సైకిలు తొక్కుకుంటూ ఇల్లు చేరాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం అందరూ వచ్చారు. మొదటి ప్లేటు అయిపోయింది. చాంద్‌పాషా గొంతు సవరించుకున్నాడు. జీవరాజు చెయ్యెత్తాడు.

‘‘ఆగు. ఇయ్యాల నువ్వద్దు. అసల్దే ఇందాం.’’

సూది దించాడు. గాదెలోని వియ్యంకుడు కేకలేశాడు. పనివాడొచ్చి గొళ్లెం తీశాడు. తర్వాత హార్మోనియం. తర్వాత సంసారం బుద్బుదమని ఒక పద్యం, దానికి సాగదీసిన రాగం. పెళ్లికొడుకు పారిపోయాడని తెలిసి పరువు కోసం తండ్రే బాసికం కట్టుకున్నాడు. అయిపోయింది. నాయనమ్మా లేదు, ధాన్యలక్ష్మీ లేదు.

ఎవరూ నవ్వలేదు. జీవరాజు మాత్రం మీసం కింద నవ్వుకున్నాడు.

‘‘ఏమంటవ్ చాంద్‌పాషా? అల్వాల్‌ల ఇన్నది గిదేనా?’’

చాంద్‌పాషా తల దించుకున్నాడు. ‘‘నేనెన్నడు ఇనలేదన్నా. ఆ దినం సూది సుత తేలేదు గదా, ఉత్త చేతులతో కూసునుడెట్ల అని నోటికొచ్చింది చెప్పిన. మీరందరు నవ్విన్రు. మల్ల మానబుద్ధి కాలే.’’

జీవరాజు చుట్టూ చూశాడు, ఇప్పుడేమంటారు అన్నట్టు. సోమయ్య ప్లేటు వంక చూసి, ‘‘తియ్యన్నా దాన్ని,’’ అన్నాడు. అప్పుడు తలుపు చాటునుంచి కాంతమణి నేరుగా గదిలోకే వచ్చింది.

‘‘అబద్ధమైతే ఏమాయె? నీదే చెప్పన్నా. గా నాయనమ్మది.’’

చాంద్‌పాషా నోరు తెరిచాడు. ‘‘నాయనమ్మ వచ్చి...’’ అన్నాడు. ఆగాడు. మళ్లీ మొదలెట్టాడు, మళ్లీ ఆగాడు. నుదురు రుద్దుకున్నాడు.

‘‘వస్తలేదు చెల్లె. అసల్ది ఇన్నంక గదే చెవుల మోగుతున్నది. నాదంత పోయింది,’’ అని లేచి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. సోమయ్య, ప్రభుదాస్ అతని వెనకే నడిచారు.

కాంతమణి ఇంకా అక్కడే నిలబడింది. ‘‘ఏమయ్యా, నీకన్న యాదున్నదా? జెర చెప్పరాదు?’’ అంది. పెళ్లయినప్పటినుంచీ ఆ ప్లేట్ల సంగతిలో ఆమె అతన్ని అడిగింది అదే మొదలు.

ఎందుకు యాదుండదు! తప్పు పట్టుకోవాలని చెవులు రిక్కించి ప్రతి ఆదివారం విన్నవాడు అతనొక్కడే. తక్కినవాళ్లు నవ్వుతూ సగం వదిలేశారు. ప్రతి మాటా, ప్రతి విరుపూ, ముసలమ్మ దగ్గుతో సహా అతని దగ్గరుంది. చెప్పినవాడి దగ్గరే లేదిప్పుడు. లోకంలో ఇంకెవరి దగ్గరా లేదు. నోరు తెరిస్తే ఆమె నవ్వుతుంది. కానీ ఆ నవ్వు మళ్లీ వాడిదే అవుతుంది కదా!

‘‘యాది లేదు,’’ అన్నాడు.

ఆమె లోపలికి వెళ్లిపోయింది. గిన్నెల చప్పుడు వినపడింది. జీవరాజు మూడు ప్లేట్లూ వరసగా పేర్చి వాటి ముందు కూర్చున్నాడు. అంతలో ముసలమ్మ గాదె ముందు దీపం పెట్టి, ‘‘తల్లీ, నా కోడలి నోరు పడిపోయేటట్టు చూడు,’’ అని మొక్కుకోవడం, లోపల్నుంచి, ‘‘నెయ్యి తెస్తె ఇద్దరియ్యి పడగొడ్త,’’ అని గర్జన, అన్నీ గుర్తుకొచ్చాయి. నవ్వు ముంచుకొచ్చింది. కాంతమణి వింటే పట్టేస్తుంది. మింగలేక, కక్కలేక, భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకుని, కళ్లలోంచి నీళ్లు కారేదాకా ఒక్కడే నవ్వాడు.