పాపమ్మ తల మీద ఒట్టు

అది 1923. చెరుకు కోతలు అయిపోయి మిల్లు ఆగిన నెల. సముద్రం అవతలి చెరుకు దీవిలో, నువెల్ ఫ్రాన్స్ ఊరి దగ్గర ఎస్టేటు కూలీల కాంపులో ఉండే రామలుకి సరిగ్గా అప్పుడే ఒక కబురు అందింది. తాగుడు మానేసిన మగాళ్లు కొందరు వారానికోసారి ఒకచోట కూర్చుని ఎవరి సంగతి వాళ్లు చెప్పుకుంటారట. అలా చెప్పుకుంటూనే తాగకుండా నెట్టుకొస్తున్నారట. చెప్పింది బండి తోలే మల్లయ్య. ఎక్కడంటే మాత్రం మాంటాన్ బ్లాంష్ అనే ఊళ్లో అన్నాడు.

ఆదివారం తెల్లారగానే రామలు అంత దూరమూ నడిచి వెళ్లాడు. అడిగిన ప్రతివాడూ నవ్వాడు. తాగడానికి చేరేవాళ్లని చూశాంగానీ మానడానికి చేరడమేంటని ఒకాయన ఎగతాళి చేశాడు. చివరికి ఒక ముసలమ్మ జాలిపడి, అది ఇక్కడ కాదు నాయనా, షెమాన్ గ్రెనియేలో, భజన పాకలో అని చెప్పింది.

ఆ ఊరు అతనికి తెలిసిందే. భార్య నర్సమ్మ ఉన్నది అక్కడే, అన్నగారింట్లో. నాలుగు నెలల కిందట కొడుకు గోపాల్ జ్వరంతో పోయాడు. పదో రోజు కర్మనాడు కూడా రామలు తాగి గుమ్మంలో పడి ఉంటే, ఆమె రెండేళ్ల పాపమ్మని చంకనేసుకుని వెళ్లిపోయింది. ఆమెని తప్పుపట్టడానికి ఏముంది చెప్పండి.

ఆ పాకలో చేరి తాగుడు మానేస్తానని మల్లయ్య చేత నర్సమ్మకి కబురు పంపాడు. జవాబు వచ్చింది. వచ్చే ఆదివారం నలుగురిలో కూర్చుని ఒట్టు వేస్తే, అటునుంచి అటే మూట పట్టుకుని అతని వెంట వచ్చేస్తుందట. ఆ వారమంతా రామలు చుక్క ముట్టలేదు. చేతులు వణికి పార జారిపోయేది. అన్నం లోపల నిలిచేది కాదు. అయినా పట్టుబట్టి ఉన్నాడు.

ఆ ఆదివారం భజన పాకలో పన్నెండుమంది మగాళ్లు చాపల మీద కూర్చుని ఉన్నారు. వాళ్లకి పెద్ద అప్పయ్య. భజన చెప్పేదీ ఆయనే, పూజ చేసేదీ ఆయనే. ఆడవాళ్ల వైపు నర్సమ్మ ఒళ్లో పాపతో కూర్చుంది. పక్కన మూట ఉంది. దాన్ని చూశాక రామలుకి కాస్త ఊపిరాడింది.

ఒకడు లేచి, ఈ వారం మూడుసార్లు చీనావాడి సారా కొట్టు దాకా వెళ్లి గుమ్మం ఎక్కకుండా తిరిగొచ్చానన్నాడు. నీ ముక్కుకి వాసన తగలడానికి గుమ్మం దాకా ఎందుకురా, వీధి చివర చాలదా అన్నాడు ఇంకొకడు. అంతా నవ్వారు. రామలూ నవ్వాడు. తన బతుకే వీళ్ల నోట వింటున్నట్టుంది. ఇన్నాళ్లూ తనొక్కడే ఇలాంటివాడని అనుకున్నాడు మరి.

అప్పయ్య అతన్ని ముందుకు పిలిచి, పాపని తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టమన్నాడు. ఇక్కడి పద్ధతి అది. బిడ్డ తల మీద కుడిచెయ్యి పెట్టి ఒట్టు వెయ్యాలి. మల్లయ్య ఈ ముక్క చెప్పలేదు. రామలు చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది.

"పెట్టు తమ్ముడా," అన్నాడు అప్పయ్య.

"కర్పూరం మీద ఏస్తాను బాబూ. అమ్మోరి మీద ఏస్తాను. పాప మీద వొద్దు."

"కర్పూరం ఆరిపోద్ది. మేం పన్నెండుమందిమీ బిడ్డల మీదే ఏసినాం. నీకొక్కడికీ వొదిలేస్తే మా ఒట్లు నిలుస్తాయా?"

"మళ్లీ తాగాలనుంది, అందుకే వొద్దంటన్నాడు," అంది నర్సమ్మ.

"అది కాదే."

"మరేటి?"

రామలు నేల చూస్తూ చెప్పాడు. "గోపాల్ తల మీద ఏసినాను. నువ్వు నీళ్లకెళ్లినప్పుడు. ఇంక ముట్టనని. మూడ్రోజులున్నాను. ఆదివారం తాగేసినాను. మంగళారం ఆడికి జొరమొచ్చింది."

 గోపాల్ పోయిన నెలలో అన్ని కాంపుల్లోనూ పిల్లలు ఆ జ్వరంతోనే పోయారు. ఆ సంగతి అప్పయ్యకీ తెలుసు. అది జ్వరం, నీ ఒట్టు కాదు అని చెప్పడానికే ఆయన నోరు తెరిచాడు. కానీ పన్నెండుమందీ ఆయన మొహం వైపే చూస్తున్నారు. ఒట్టు తప్పితే బిడ్డకి ఏమీ కాదని ఆయన నోటితో అన్నాడంటే, రేపు ఆ కొట్టు గుమ్మం దగ్గర వీళ్లని ఆపేదేది? ఆయన నోరు మూసుకున్నాడు. తల దించుకున్నాడు.

ఆ తల దించుకోవడమే నర్సమ్మకి తీర్పు అయిపోయింది.

"ఆడు నీళ్లు, నీళ్లు అని అడుగుతుంటే నా పక్కనే కూచున్నావు గదా," అంది. "అప్పుడే తెలుసా నీకు?"

 ఆమె ఏడవలేదు, తిట్టలేదు. పాపని ఎత్తుకుని, అతని చెయ్యి తగలకుండా పక్కనుంచి తిరిగి, మూట తీసుకుని అన్నగారింటి వైపు నడిచింది. పాప మాత్రం భుజం మీదుగా పాకలో దేవుడి దీపాన్ని చూస్తూ వెళ్లింది.

రామలుని ఉండమని ఎవరూ అనలేదు. పొమ్మనీ అనలేదు. కాసేపటికి తాళాలు అందుకుని భజన మొదలుపెట్టారు. అతను లేచి బయటికొచ్చాడు.

ఎండ ఇంకా గట్టిగానే ఉంది. చెరుకు నరికేసిన పొలాల మధ్య బాటలో చాలాసేపు నడిచాడు. ఇప్పుడు తన ఒట్టు ఎవరి తల మీదా లేదు. తను తాగితే ఈ లోకంలో ఏ బిడ్డకీ ఏమీ కాదు. నాలుగు నెలల్లో మొదటిసారి అతనికి భయం వెయ్యలేదు.

దారిలో మొదట కనబడిన కొట్టులోకి వెళ్లి, బల్ల దగ్గర నిలబడి, గ్లాసు నిండా పొయ్యమన్నాడు.