ఎంగేజ్ టోను

సముద్రంలో ఇంజను ఆగిపోయిందని భర్త ముత్యాలయ్య సెల్లులో చెప్పగానే పేరమ్మ మత్స్యకారుల సహాయ కేంద్రానికి పదేపదే ఫోన్ చేసింది. ప్రతిసారీ ఎంగేజ్ వినిపించడంతో పెట్టేసింది. చివరికి పక్క ఊరి పడవవాళ్లే అతన్ని ఒడ్డుకు లాక్కొచ్చారు. మర్నాడు ఆమె కేంద్రానికొచ్చి నిలదీసింది.

"మేం ఎత్తేలోపే నువ్వే కట్ చేసినావు," అన్నాడు అధికారి విజయభాస్కర్.

అక్కడ ఫోన్లు చూసే టెక్నీషియన్ భానుప్రియ తన సెల్లుతో ఆ నంబరుకు చేసి చూసింది. బల్ల మీద ఫోను మోగుతోంది, ఆమె చెవిలో మాత్రం ఎంగేజ్. కొత్తగా పెట్టిన ఫోన్ పరికరంలోకి సెట్టింగులుండే కాన్ఫిగరేషన్ ఫైలు ఎక్కించారు గాని, ఫోన్ చేసినవాళ్లకు వినబడే శబ్దాలుండే మన దేశపు టోన్ ఫైలు ఎక్కించలేదు. అందులో వేరే దేశపు శబ్దాలే ఉండిపోయాయి; అక్కడి రింగు మన చెవికి ఎంగేజ్‌లా వినబడుతుంది.

"టోన్లు కూడా సరిచూడాలని ఇది పెట్టిన రోజే చెప్పినాను సార్. మోగితే చాల్లే అన్నారు మీరు." కోపంగా అంది భానుప్రియ.

ఆమె ఆ ఫైలు ఎక్కించి, పరికరాన్ని ఆపి మళ్లీ ఆన్ చేసి, పేరమ్మ చేతే ఫోన్ చేయించింది.

"ఇప్పుడు మోగతా ఉండాది," అంది పేరమ్మ.

విజయభాస్కర్ కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"నేనే కట్ చేసినానంటివే, ముందు ఆ మాట ఎనక్కి తీసుకో సారూ."

అందరి ముందూ అతను తప్పు తమదేనని ఒప్పుకున్నాడు. పేరమ్మ బయటికి నడిచింది. ఆమె కోపం ఏమాత్రం తగ్గలేదు.