మేకుకు వేలాడే ఏళ్లు

బడి ఆఫీసు గదిలో జంపయ్య పాత బ్లేడుతో పెన్సిలు చెక్కుతున్నాడు. బొటనవేలంత మిగిలిన పెన్సిలు. మొన పదునెక్కాక క్యాలెండరులో ఆనాటి గడిలో రెండు మాటలు రాసి, వదిలేశాడు. దారంతో మేకుకు కట్టి ఉన్న పెన్సిలు గోడకు ఆనుకున్నది. అదే మేకుకు ఇరవై ఎనిమిదేళ్ల క్యాలెండర్లు, ఒకదాని మీద ఒకటి, తేనెపట్టులా బరువుగా వేలాడుతున్నాయి.

ఇప్పపూలు రాలడం మొదలైన రోజు, బీడీల తునికాకు కొనే కల్లం తెరిచిన రోజు, గోదారి పొలాల్లోకి వచ్చిన రోజు, అన్నీ ఆ గడుల్లో ఉన్నాయి. ఆ జిల్లా పరిషత్ హైస్కూలుకు బిడ్డలను తెచ్చే గూడెం తల్లులకు తేదీలు తెలియవు. బిడ్డ పుట్టిన నాడు అడవి ఎట్లా ఉన్నదో తెలుసు. ఆ అడవిని వెతికి తేదీగా మార్చడం అటెండరు జంపయ్య పని. ఏ ఉత్తర్వులోనూ లేని పని.

అది రెండువేల ఆరు, జూన్ ముప్పై. సాయంత్రంతో అతని కొలువు ముగుస్తుంది. కాగితం ప్రకారం అరవై ఏళ్లు నిండాయి. తల్లి చెప్పిన ప్రకారం అతను యాభైమూడు నాటి పెద్ద వరదలో, మంచె మీద పుట్టాడు. ఉద్యోగంలో చేరిన నాడు ఒక గుమాస్తా అతని ముఖం కేసి చూసి, తోచిన సంవత్సరం వేశాడు. ఆ చూపు విలువ ఏడేళ్ల కొలువు.

మధ్యాహ్నానికి ముత్యాలు తన కూతురు బాలిని వెంటబెట్టుకొని వచ్చింది. బడికి పోని పిల్లల కోసం పెట్టిన బ్రిడ్జి స్కూల్లో చదివిన పిల్ల, ఆరో తరగతిలో చేరాలి. పుట్టిన తేదీ లేదు. ప్రధానోపాధ్యాయురాలు సుబ్బరత్నం మధిర వైపు మనిషి. చేరిన పిల్లల జాబితాను మధ్యాహ్నం బస్సులో జిల్లా ఆఫీసుకు పంపాలన్న తొందరలో ఉన్నది.

"జూన్ ఒకటి వేసేద్దాం జంపయ్యా. అన్ని బళ్లలో అదే వేస్తున్నారు."

జంపయ్య రిజిస్టరు మీద అరచెయ్యి ఆనించాడు. అన్నేళ్లలో ఎన్నడూ చెయ్యని పని.

"జర ఆగుండ్రి మేడం. ఆమెనడుగుత."

ఇప్పుడు పడే తేదీయే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి ఎక్కుతుంది; ఆపైన ఏ ఆఫీసూ దాన్ని మార్చదు. ఆ సంగతి ఆ గదిలో అతనికంటే తెలిసినవారు లేరు.

కోయమాటలో అడిగాడు. ముత్యాలు నవ్వింది. సుడిగాలి తునికాకు కల్లాన్ని లేపుకుపోయిన రోజు అన్నది. ఆకుకట్టలతో పాటు నీ తలపాగా కూడా వాగులో పడలేదా, దాని వెంట నువ్వు మోకాటి లోతు నీళ్లలో ఉరుకుతుంటే నొప్పులు పడుతూనే నవ్వాను గదా అన్నది. బాలి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది.

జంపయ్య పైనున్న పదకొండేళ్లను ఒక్కొక్కటే ఎత్తాడు. దుమ్ము రాలింది. తొంభై ఐదు, మే, తొమ్మిదో గడి. 'గాలి. కల్లం పోయింది.' తలపాగా సంగతి రాసుకోలేదు.

సుబ్బరత్నం ఆ గడినీ, అతన్నీ మార్చి మార్చి చూసింది.

"మరి నీ తేదీ సంగతేంటి జంపయ్యా? ఇన్ని చూసినవాడివి."

"నన్ను రాసిననాడు మా అమ్మనెవ్వరడగలె, మేడం."

ఆమె కలం మూత తీసింది. మే తొమ్మిది అని అంకెల్లో రాసి, కింద అక్షరాల్లోనూ రాసింది. బయట మధ్యాహ్నం బస్సు హారన్ కొట్టి, వెళ్లిపోయింది. ఆమె తల ఎత్తలేదు.

సాయంత్రం శాలువా కప్పారు. జంపయ్య తాళాల గుత్తి బల్ల మీద పెట్టి, ఏ తాళం ఏ గదిదో చెప్పాడు. వర్షానికి తడవకుండా శాలువాను మడిచి చంకలో పెట్టుకున్నాడు. క్యాలెండర్లు తీసుకుపొమ్మని సుబ్బరత్నం అంటే, "పిల్లలు ఈడికే వస్తరు గద" అని, చెప్పులు తొడుక్కుని గూడెం బాట పట్టాడు.

గది మూయబోతూ ఆమె గోడవైపు చూసింది. జూన్ ముప్పయ్యో గడిలో అతని వీడ్కోలు ఊసు లేదు. 'తెల్లారగట్ల వాగు పొంగింది' అని ఉన్నది. పక్కనే, దారం చివర, పొద్దున చెక్కిన పెన్సిలు.