చివరి వరస కుర్చీ

కుర్చీలమ్మ నేలమీద వెల్లకిలా పడుకొని, కుర్చీ కిందికి తల దూర్చి, నోట్లో రెండు చీలలు పట్టుకొని మూడోదాన్ని కొడుతోంది. సుత్తి చిన్నదే గాని దెబ్బ గట్టిది. ఆ చప్పుడు ఖాళీ సభామందిరమంతా తిరిగి, ఎత్తయిన కప్పుకు తగిలి, మళ్ళీ ఆమె చెవికే వచ్చి చేరుతోంది. ఊడ్చేవాళ్ళు ఊడ్చి వెళ్ళిపోయారు. తివాచీ నుంచి తడిసిన ఉన్ని వాసన వస్తోంది.

ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. ప్రపంచంలోని రాజ్యాలన్నీ ఒకచోట చేరి, ఒకరితో ఒకరు ఎలా మసలుకోవాలో చట్టాలు రాసుకొనే సభ అది. ఆ రాజ్యాల ప్రతినిధులు కూర్చొనే కుర్చీలకు మెత్తలు కుట్టడం, స్ప్రింగులు బిగించడం, కిర్రుమన్నచోట నూనె వేయడం ఆమె పని. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. మెడలో కొలత టేపు, మోకాళ్ళకు గుడ్డ పట్టీలు, సూదిపోట్లకు మొద్దుబారి తోలులా తయారైన వేళ్ళు. ఎవరితో మాట్లాడినా ముందు వాళ్ళు కూర్చున్న తీరు చూస్తుంది, ఆ తర్వాతే ముఖం చూస్తుంది.

ఈ పని ఆమెకు మామగారి నుంచి వచ్చింది. కొడుకు బస్సు తోలడానికి వెళ్ళిపోతే ఆ ముసలాయన ఏమీ అనుకోలేదు. కోడలిని పిలిచి సూది చేతికిచ్చాడు. మధ్యాహ్నం టీ వేళ పాత సంగతులు చెప్పేవాడు. ఆయన చేరిన కొత్తలో చేతులున్న కుర్చీలు ముందు వరసకే ఉండేవట. యుద్ధం గెలిచిన పెద్ద రాజ్యాల వరస అది. వెనకవాళ్ళవి ఉత్త పీటల్లాంటివి. చట్టాలు రాసేదీ ముందు వరసే, అవసరమైతే వాటిని దాటేదీ ముందు వరసే. తర్వాత్తర్వాత ఇంకొకరి కాళ్ళకింద నలిగిన దేశాలు ఒక్కొక్కటే స్వతంత్రం తెచ్చుకొని రావడం మొదలుపెట్టాయి. ఒక ఏడు వాళ్ళంతా కూడబలుక్కొని, "మా కుర్చీలకూ చేతులు పెట్టండి, లేదా వాళ్ళవీ కోసేయండి" అని తీర్మానం తెచ్చారు. అది నెగ్గింది. మామగారు ఆ ఎండాకాలమంతా కుర్చీ చేతులు చెక్కుతూనే ఉన్నాడు.

"వాళ్ళు చేతులెత్తారు, నేను చేతులు చెక్కాను" అని నవ్వేవాడు. నవ్వు ఆపి, "చెయ్యెత్తకుండా ఈ గదిలోకి ఒక్క కుర్చీ రాలేదమ్మాయ్, ఒక్కటీ పోలేదు" అనేవాడు.

మూడో చీల కూడా దిగిపోయేసరికి ఆమె తల దగ్గర మెరిసే బూట్లు వచ్చి ఆగాయి. సూపరింటెండెంటు.

"కుర్చీలమ్మా, పైకి రా. పనుంది."

"ఇప్పుడు నేను చేసేదేంటి సారూ, పని కాదా?"

ఆయన నవ్వలేదు. మామూలుగా అయితే నవ్వుతాడు, మంచివాడే. ఈ పొద్దు మాత్రం కాలరు పిసుక్కుంటూ గొంతు తగ్గించి చెప్పాడు. "చివరి వరసలో ఆ మూల కుర్చీ తీసేయాలి. సభ మొదలవకముందే."

"ఏం, విరిగిందా?"

"విరగలేదు. తీసేయమన్నారు."

"ఎవరు?"

ఆయన నోటితో చెప్పలేదు. కళ్ళతో ముందు వరస మధ్య కుర్చీని చూపించాడు. అది పెద్ద దేశం వాళ్ళది.

మూల కుర్చీ ఎవరిదో ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు. సముద్రం మధ్య చిన్న చిన్న దిబ్బలుగా ఉండే ఒక దేశానిది. సముద్రం ఏటేటా పైకి లేచి, చివరికి ఆ దిబ్బల్ని మింగేసింది. జనం చెల్లాచెదురై పరాయి ఊళ్ళలో అద్దె ఇళ్ళలో బతుకుతున్నారు. వాళ్ళ తరఫున సభకు వచ్చేది ఒక్క పెద్దావిడ. నడుం నొప్పి మనిషి. వెన్నుకు ఆనేలా కుర్చీలమ్మ ఆ కుర్చీకి వెనక కాస్త ఎక్కువ దూది కూరింది. అప్పటినుంచీ ఆవిడ విరామంలో కొట్టుగదికి వచ్చి, దూది మూట మీద కూర్చొని టీ తాగుతుంది.

ఈమధ్యే ఒకరోజు ఆవిడ చెప్పింది. "నేల పోయింది చెల్లీ. చుట్టూ సముద్రం మాత్రం చట్టప్రకారం ఇంకా మాదే. అందులో చేపలున్నాయి, అడుగున ఖనిజాలున్నాయి. నేల లేనిది దేశమెట్లా అవుతుందని పెద్ద దేశం అంటోంది. కొత్తగా బలిసిన దేశం కూడా దానికి వంత పాడుతోంది. ఆ ఇద్దరికీ ఎప్పుడైనా పడిందా? దీంట్లో మాత్రం అన్నదమ్ములైపోయారు. మేం దేశం కాదంటే ఆ నీళ్ళు ఎవరివీ కావు. ఎవరివీ కానివి చివరికి ఎవరి చేతికి పోతాయో నీకు తెలియనిదా?"

కుర్చీలమ్మ లేచి, బట్టలు దులుపుకొని, సూపరింటెండెంటును అడిగింది. "ఓటు పెట్టారా సారూ?"

"ఓటెందుకు? ఇది ఫర్నిచరు సర్దుబాటు. పెద్ద దేశం వాళ్ళకి సలహాదారులు పెరిగారు, చోటు చాలట్లేదు."

"సలహాదారులు వచ్చి ఆ మూల కూర్చుంటారా?"

"నీకెందుకమ్మా ఆ గొడవ? నాలుగు బోల్టులు విప్పు, చేతులు దులుపుకో. ఆవిడ వస్తుంది, కుర్చీ ఉండదు, తిరిగిపోతుంది. రేపటికి అందరూ మరిచిపోతారు. నా పీకమీద కూర్చున్నారు, అర్థం చేసుకో."

ఆమె స్పానరు తీసుకొని మెట్లెక్కింది. సూపరింటెండెంటు ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె చివరి వరస మూలకు వెళ్ళి, కుర్చీ కాళ్ళను నేలకు బిగించిన ఇత్తడి పలకల్ని ఒకసారి చూసింది. కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. వెనక్కి తిరిగి, అందులో కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ మందిరంలో ఏ కుర్చీలోనూ ఆమె అలా నిండుగా కూర్చోలేదు. సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఆని లేచిందే తప్ప.

"విప్పను సారూ."

"ఏంటీ?"

"ఓటేసి తెచ్చిన కుర్చీ. ఓటేసి తీయమనండి. అప్పుడు నేనే విప్పుతాను, ఏడ్చుకుంటూ విప్పుతాను. ఇలా దొంగచాటుగా మాత్రం విప్పను."

సూపరింటెండెంటు ముఖం పాలిపోయింది. బతిమాలాడు, కసిరాడు, మళ్ళీ బతిమాలాడు. ఇద్దరు కాపలావాళ్ళను పిలిచాడు. వాళ్ళు వచ్చి, కుర్చీలో ఉన్న మనిషిని చూసి నిలబడిపోయారు. వాళ్ళు కూర్చొనే బల్లకు మెత్త కుట్టింది కూడా ఆమే. "లే అక్కా" అని ఒకడు అన్నాడు గాని, ఆ అనడంలో బలం లేదు. ఈ పని పోతే ఈ చేతుల్ని ఏం చేసుకోవాలి అన్న ఆలోచన ఒక్కటే ఆమెను పీకుతోంది. అయినా కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకొని కదలలేదు.

తలుపులు తెరుచుకున్నాయి. ప్రతినిధులు రావడం మొదలైంది. అంతమంది ముందు ఒక ఆడమనిషిని రెక్క పట్టి లాగడం ఎవరి తరం? సూపరింటెండెంటు గోడకు ఆనుకొని చెమట తుడుచుకున్నాడు.

పెద్దావిడ అందరికన్నా వెనకగా, కర్ర ఊతంతో వచ్చింది. తన చోట్లో కుర్చీలమ్మను చూసి ఆగింది. ఒళ్ళో స్పానరునూ, పక్కన కాపలావాళ్ళనూ చూసింది.

"కాస్త వెచ్చబెట్టి ఉంచాను, కూర్చోక్కా" అని కుర్చీలమ్మ లేచి పక్కకు తప్పుకుంది.

అధ్యక్షుడు సభ మొదలుపెట్టాడు. ముందున్న కాగితం చూస్తూ, ఖాళీగా ఉన్న స్థానాల సర్దుబాటు జరిగిందని గబగబా చదివేయబోయాడు.

"ఏ స్థానం ఖాళీ అయ్యా?" వెనకనుంచి పెద్దావిడ మైకులో అడిగింది. "నేను ఇక్కడే ఉన్నానుగా."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. అధ్యక్షుడు కాగితం తిరగేశాడు. కూర్చున్న మనిషిని ఖాళీ అనడం ఎలాగో ఆయనకు ఎవరూ రాసివ్వలేదు. ఇంతలో మధ్య వరసలో ఒకాయన లేచాడు. సముద్రం మొహమే చూడని ఎడారి దేశం ఆయనది. "ఈ రోజు నీళ్ళొచ్చాయని వీళ్ళని తీసేస్తే, రేపు నీళ్ళు లేవని మమ్మల్ని తీసేస్తారు. ఓటు పెట్టండి" అన్నాడు.

పెట్టక తప్పలేదు. కుర్చీ ఉండాలనేవాళ్ళు చేతులెత్తాలి. కుర్చీలమ్మ తలుపు పక్క నిలబడి చూసింది. ముందు వరస కదలలేదు. వెనకనుంచి ఒక చెయ్యి, దాని పక్కన ఇంకొకటి లేచాయి. పెద్ద దేశం దగ్గర అప్పు తెచ్చుకున్నవాళ్ళవీ, దానికి భయపడేవాళ్ళవీ కొన్ని సగం లేచి ఆగి, పక్కవాళ్ళను చూసి పూర్తిగా లేచాయి. మామగారి నోట వినడమే తప్ప ఆమె ఎప్పుడూ చూడనిది అది. అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చేదాకా ఆ దేశం దేశంగానే, ఆ కుర్చీ ఆ చోటనే ఉండాలని తీర్మానమైంది. గెలిచిపోయారని కాదు. న్యాయస్థానంలో ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఆ రోజుకు మాత్రం సముద్రం ఆ పెద్దావిడదే.

పెద్ద దేశం ప్రతినిధి నిరసనగా లేచి, ఏదో కేకలేసి, మళ్ళీ కుర్చీలో దబ్బున కూలబడ్డాడు. లోపల స్ప్రింగు ఫట్టుమంది. సభ మొత్తానికీ వినపడింది. ఎవరో వెనక దగ్గుతున్నట్టు నవ్వారు.

మధ్యాహ్నం ఆ కుర్చీ ఆమె కొట్టుగదికి వచ్చింది. కుర్చీలమ్మ దాన్ని బల్లమీద తలకిందులుగా పెట్టి, అడుగుగుడ్డ విప్పి, తెగిన తాడు లాగింది. పనిలో పడ్డాక ఎవరి కుర్చీ అన్న ధ్యాస ఆమెకు ఉండదు. తెగిన స్ప్రింగు తీసి కొత్తది అమర్చుతుండగా సూపరింటెండెంటు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమె కళ్ళలోకి చూడలేదు.

"నిన్ను తీసేశారు. నేను చెప్పి చూశాను... వినలేదు. తాళాలిచ్చి వెళ్ళాలట."

ఆమె తాడు చేతికి చుట్టుకుంది. "సరే సారూ. ఈ స్ప్రింగుల తాళ్ళు కట్టేసి పోతాను. సగంలో వదిలితే కూర్చున్నవాడి నడుం పోతుంది."

"వద్దమ్మా. ఈ నిమిషమే వెళ్ళమన్నారు."

"పని పూర్తి చేస్తానంటే వద్దంటారా?"

"వద్దన్నారు."

"మీ ఇష్టం." టేపు మెడలోంచి తీసి సంచిలో వేసుకుంది. తాళాలు ఆయన చేతిలో పెట్టింది. "మీరేం బాధపడకండి. చేసింది నేను. రేపు మళ్ళీ అడిగినా అదే చేస్తాను."

వసారాలో పెద్దావిడ ఎదురుచూస్తోంది. ఆవిడ కుర్చీలమ్మ రెండు చేతులూ పట్టుకొని, ఆ మొద్దుబారిన వేళ్ళని కళ్ళకద్దుకోబోతే ఆమె లాక్కుంది.

"ఛ, ఊరుకోక్కా. కోర్టులో కుర్చీలు గట్టివట. వెన్నుకు దిండు పట్టుకెళ్ళు."

గేటు దాటాక భర్తకు ఫోను చేసింది. బస్సు తోలడం మానేశాక వంట ఆయనదే.

"నన్ను తీసేశారండీ."

"నిన్నా, ఆ కుర్చీనా? రేడియోలో ఏదో చెప్పారు."

"నన్నే."

"కుర్చీ ఉందిగా?"

"ఉంది."

"అయితే తల ఎత్తుకొని రా. అన్నం దించాను."

ఆమె సంచి భుజం మార్చుకొని బస్సు స్టాండు వైపు నడిచింది.

మెత్తలు కుట్టే మనిషి మళ్ళీ దొరకలేదు. కొట్టుగదిలో బల్లమీద పెద్ద దేశం కుర్చీ నాలుగు కాళ్ళూ పైకెత్తి, తాళ్ళు కట్టని స్ప్రింగులు బయటపెట్టుకొని అలాగే ఉంది.