మూడో మెట్టు

నేను చేసిన సిగ్గుమాలిన పనుల్లో ఇదొక్కటే ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడైనా నన్ను నేను వెనకేసుకు రాకుండా చెప్పాలని చూస్తున్నాను.

1983లో వరంగల్ కాలేజీలో నేను, కళావతి, లక్ష్మి కలిసి పాడేవాళ్ళం. మా నాన్నది చౌరస్తాలో గాజుల దుకాణం. ముగ్గురం ఒకే రంగు గాజులు వేసుకునేవాళ్ళం కాబట్టి మాకు గాజుల సిస్టర్స్ అని పేరు పడింది. మిగతావాళ్ళు డిస్కో అని ఊగిపోతుంటే మేం ఇరవై ఏళ్ళ కిందటి పాటలు పట్టుకున్నాం. గిటార్, బొంగో, వెనక ఇద్దరు లలలా అంటుంటే ముందు ఒకరు పాడటం. జాకెట్ల చేతులు కూడా ఆ కాలంలోలాగే బుట్టల్లా కుట్టించుకున్నాం. మాకంటే గొప్పవాళ్ళు లేరనుకునేవాళ్ళం.

మాకు బాగా పేరు తెచ్చింది మెట్ల పాట, లైనుకో మెట్టు చొప్పున దిగే పాట. అరవై రెండులో ఒక హార్మోనియం మాస్టారు మా ఊరి ఆడపిల్లలను ముగ్గురిని హైదరాబాద్ తీసుకెళ్ళి దాన్ని రికార్డు చేయించాడు. రికార్డు మీద ఆయన పేరొక్కటే ఉంది. ఊళ్ళో మిగిలింది ఒకే కాపీ, మైకుసెట్టు పాండురంగం దగ్గర. ఏదో పెళ్ళిలో పిన్ను జారి దాని మీద గీత పడింది. అప్పట్నుంచీ రెండో మెట్టు కాగానే టక్కున నాలుగో మెట్టు వస్తుంది. ప్రతి పెళ్ళిలోనూ అలాగే మోగి మోగి ఊరంతటికీ పాట అలాగే వచ్చు. బజారులో ఏదైనా కనిపించకపోతే "మూడో మెట్టయింది" అని నవ్వుకునేవారు.

"ఆ ముగ్గుర్ల యాకమ్మ ఒక్కతే పాడింది ఆ మూడో మెట్టే," అన్నాడు పాండురంగం ఒకరోజు. "ఎనుమాముల యార్డుల మిర్చి తొడిమెలు తీస్తాంది. పోయి అడుగు."

వెళ్ళాను. ముక్కుకు కొంగు కట్టుకుని కూర్చున్న యాకమ్మ మొదట నేను ఆట పట్టిస్తున్నాననుకుంది. తర్వాత చేతులు దులుపుకుని, కొంగు విప్పి, పాడింది.

"మూడో మెట్టు దిగాను, మూగనైపోయాను."

మూగ అన్నచోట గొంతు కాస్త వణికించి, వెంటనే నవ్వినట్టు వదిలేసింది. అది నాకు పట్టుబడటానికి నాలుగు ఆదివారాలు పట్టింది.

"మా కట్టయ్య నమ్మడు బిడ్డా," అంది చివరి ఆదివారం. కట్టయ్య ఆమె కొడుకు, డోర్నకల్‌లో రైల్వే పని. "ఎన్నిసార్లు ఇన్నా ఆ రికార్డుల నీ గొంతు లేదు గదనే అంటడు. నువ్వు పాడి, గిది మా యాకమ్మ పాడిందని ఒక్క మాట చెప్పు. సాలు."

చెప్తానన్నాను. అడక్కుండానే ఒట్టు కూడా వేశాను.

కాలేజీ వార్షికోత్సవం మధ్యాహ్నం పెట్టారు. యాకమ్మ కొత్త చీర కట్టుకుని మూడో వరసలో కూర్చుంది. పక్కన సెలవు పెట్టి వచ్చిన కట్టయ్య.

"ఆ లైను తీసెయ్యే శారదా," అంది కళావతి తెర వెనక. "తప్పు పాడినమనుకుంటరు. నవ్వుతరు."

"నవ్వితె నవ్వనీ," అని కోప్పడ్డాను. తెర వెనక నాకు ధైర్యానికేం తక్కువ లేదు.

రెండో మెట్టు అయింది. నా కోసం గిటార్ ఆగింది. అంతలో హాలంతా కలిసి నాలుగో మెట్టు అందుకుంది. నేనూ అందుకున్నాను.

అది భయమే అనుకుందాం. కానీ పాట అయ్యాక చప్పట్లు ఆగలేదు, వన్స్ మోర్ అన్నారు. మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి భయం లేదు. యాకమ్మ ముందుకు వంగి, నాతోపాటు పెదాలు కదుపుతోంది. ఆమెను చూస్తూనే మూడో మెట్టు వదిలేశాను. ఆ చప్పట్లు ఇంకోసారి కావాలనిపించింది, అంతే. పాడని లైనుకు పేరేం చెప్తామని ఆమె పేరూ చెప్పలేదు.

గేటు దగ్గర తల్లీకొడుకులు ఎదురుపడ్డారు.

"ఏదమ్మా నీ మెట్టు?" అంటున్నాడు కట్టయ్య. వెక్కిరింపు కాదు, మెల్లగానే అడిగాడు.

యాకమ్మ నా వైపు చూసింది. నేను గాజులు పైకీ కిందికీ జరుపుకుంటున్నాను.

"వేరే పాట గావచ్చు బిడ్డా," అంది కొడుకుతో. "మస్తు దినాలాయె. నాకే యాది లేదు."

ఇదే పాట అని నేనొక్క మాట అంటే సరిపోయేది. మా నాన్న పక్కనే నిలబడి అందరికీ నన్ను చూపించి మురిసిపోతున్నాడు. సిగ్గుతో చచ్చిపోతూనే వాళ్ళందరికీ నవ్వుతూ తలూపాను.

"మంచిగ పాడిండ్రమ్మా మీరు," అంది యాకమ్మ. నాలుగు ఆదివారాలు నన్ను బిడ్డా అని పిలిచిన మనిషి.

కట్టయ్య నాకు చేతులు జోడించాడు. "మా అమ్మకు జర పాటల పిచ్చి. మిమ్ముల సతాయించిందేమో, ఏమనుకోకుండ్రి."

"పర్వాలేదు," అన్నాను.